మోచేతి లోతు

మొన్న దెగ్లూర్‌లో మా బిడ్డ ఇంటికి కొత్త స్టీలు డబ్బా ఒకటి వచ్చింది. నడుమెత్తు ఉంది, మిలమిలా మెరుస్తోంది. గోనెలోని జొన్నలన్నీ అందులోకి వంపి, ఇక మూత పెట్టబోతుంటే నేను మంచం మీంచి లేచి పోయి, రవిక చెయ్యి పైకి లాక్కొని, జొన్నల్లో చెయ్యి ముంచాను. ముందు వేళ్లు, తరవాత మణికట్టు, ఆ తరవాత మోచెయ్యి. ఇంట్లో పిల్లలు కిసకిసా నవ్వారు. మా బిడ్డ కూడా నవ్వుతూ, "అవ్వా, ఇప్పుడే గోనెలకెళ్లి పోస్తిమి గదనే. అండ్ల ఏం దేవులాడుతున్నవ్?" అంది.

ఏం దేవులాడుతున్నానో చెప్పలేదు. ఇది నాకు ఈనాటి అలవాటు కాదు. ఎక్కడ ధాన్యం కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. పెళ్లికి పోతే వంటల దగ్గర బియ్యం గోనెలో పెడుతుంది, రేషన్ దుకాణానికి పోతే గోధుమల కుప్పలో పెడుతుంది. ఒకసారి దుకాణమాయన "ఓ ముసలమ్మా, చెయ్యి తియ్యి" అని అందరి ముందూ కసిరాడు. అయినా మానలేదు. పెట్టిన ప్రతిసారీ నా చెవులు వేడెక్కుతాయి. పండ్లన్నీ ఊడిపోయినా ఆ సిగ్గు మాత్రం పోలేదు.

మాది మంజీర ఒడ్డు పల్లె. అప్పుడు నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కచేరీలో ఉర్దూ. ఊళ్లో భూమి ఉన్నవాళ్లు కొందరు, లేనివాళ్లు చాలామంది. మేం లేనివాళ్లం. మా బాపు పటేలు దగ్గర జీతగాడు. ఏడాది పొడుగునా పటేలు ఎడ్ల వెనక, పటేలు చేలో ఉండేవాడు. అన్న ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి కూలికి పోయేవాడు. మా అవ్వ గుమ్మిలు చేసేది. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం.

గుమ్మి అంటే ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు? కందికట్టెతో మనిషి ఛాతీ ఎత్తున పెద్ద బుట్ట అల్లి, లోపలా బయటా మట్టీ పేడా తరిగిన గడ్డీ కలిపి మెత్తి, బాగా ఆరబెడితే అదే గుమ్మి. ఏడాదికి సరిపడే జొన్నలు దాంట్లో పోసుకునేవాళ్లు. పైన మూత ఉండేది. అడుగున పిడికిలి పట్టేంత తూము. తూముకు గుడ్డ కుక్కి మట్టి మెత్తి ఉంచేవాళ్లు, కావలసినప్పుడు గుడ్డ లాగితే జొన్నలు జలజలా రాలేవి. ఆ చప్పుడు వింటేనే ఇంట్లో పిల్లలకు కడుపు నిండినట్టుండేది.

గుమ్మి ఎవరైనా చేస్తారు గానీ, బొమ్మలు మాత్రం మా అవ్వే వెయ్యాలనేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో. ఆ బొమ్మల కోసం బండి కట్టి మరీ పిలుచుకుపోయేవాళ్లు. రంగులకు అవ్వ బజారుకు పోయింది లేదు. ఎరుపుకు జాజు, అంటే వాగు గట్టున దొరికే ఎర్రమట్టి. తెలుపుకు మంజీర కోసుకుపోయిన ఒడ్డులో చారలు చారలుగా కనిపించే సుద్ద. నలుపుకు దీపం మసి. ఆకుపచ్చకు చిక్కుడాకు దంచిన రసం. ఫాల్గుణంలో మోదుగుపూలు రాలితే ఒడినిండా ఏరుకొచ్చి ఉడకబెట్టేది, అది కాషాయం రంగు. అన్నింట్లో నానబెట్టిన తుమ్మబంక కలిపేది, రంగు గోడను పట్టుకోవాలి గదా. కుంచె ఈతపుల్ల. దాని చివర మెత్తగా అయ్యేదాకా నమలడం నా పని. నోరంతా వగరు పుట్టేది. మధ్యాహ్నం అంబలి తాగినా ఆ వగరు పోయేది కాదు.

ఒకసారి మిగిలిన మోదుగుపూల రంగు చిప్పలో ఉంటే, పక్కింటి మేకకు కొమ్ములూ చెవులూ దిద్ది వదిలాను. మేకకు ఏ రోగం తగిలిందోనని పక్కింటామె గుండెలు బాదుకుంది. అవ్వ నన్ను వాకిట్లో నిలబెట్టి తిట్టింది. మేక గురించి ఒక్క మాటా అనలేదు. "అంత మంచి రంగు మేక మొఖాన పోస్తివి గదనే, దాంతోని రెండు గుమ్మిలకు పూలు దిద్దుతుంటి" అని తిట్టింది.

అవ్వ తను చూడనిది వేసేది కాదు. పటేలు భార్య ఒకసారి తన గుమ్మి మీద సింహాన్ని వెయ్యమంది. "నేను జూడలేదు పటేలమ్మా, ఎట్లెయ్యాలె?" అంది అవ్వ. గుమ్మి ఉన్న కొట్టంలోనే తిరిగే ముంగిసను వేసింది, వెనక కాళ్ల మీద నిలబడి అటూ ఇటూ చూస్తున్న దాన్ని. పటేలమ్మ మూతి ముడుచుకుంది గానీ, ఆమె పిల్లలు రోజంతా ఆ ముంగిసకు మెతుకులు పెడుతుంటే ఇంకేం అనలేకపోయింది.

అవ్వ చూడడమంతా చేలల్లో, కడుపు కోసం తిరిగేటప్పుడే. మాకు చేను లేదు, కానీ చేనిడిచినదంతా మాదే. జొన్న కోతలయ్యాక రైతు వదిలేసిన కంకులు ఏరుకునేవాళ్లం. దాన్ని పరిగె అంటారు. చెంచలికూర, తుమ్మికూర గట్ల మీద కోసుకునేవాళ్లం. రేగుపండ్లు దంచి ఎండబెట్టుకునేవాళ్లం. నల్లరేగడి బీటలు వారి కంకులు ఆ బీటల్లో పడితే, నా చిన్న చెయ్యి పెట్టి తీసేదాన్ని. మధ్యలో అవ్వ ఉన్నట్టుండి ఆగిపోయి, "గటు జూడు, గా పిచ్చుక కంకికి తలకిందులుగ ఎట్ల ఏలాడుతున్నదో. యాదికుంచుకో" అనేది. మన్నులో పుల్లతో గీత గీసి చూపించేది. నాకు ఆకలి. పిచ్చుకను చూసే ఓపిక నాకెక్కడిది? పైగా పటేలు ఆడపిల్లలు గట్టు మీద నడిచిపోతూ "పరిగె పిల్ల, పరిగె పిల్ల" అనేవాళ్లు. నేను ఒడిలోని కంకుల మీద కొంగు కప్పుకొని అవ్వ వెనక దాక్కునేదాన్ని. అవ్వ దాక్కునేది కాదు. ఏరడం తనకు చిన్నతనం అనిపించేది కాదేమో, అడగలేదు.

మా గుడిసెలోనూ గడప పక్కనే ఒక గుమ్మి ఉండేది. గుమ్మిలు చేసే ఆమె ఇంట్లో గుమ్మి లేకుంటే ఎట్లా? ఊరందరి గుమ్మిల కంటే అందమైనది. దాని మీద ఒక్కటే నెమలి. వాగులో నీళ్లు తాగుతూ మా అడుగుల చప్పుడుకు మెడ వెనక్కి తిప్పి చూసిన నెమలిని, అట్లాగే, ఆ బెదురుతోనే వేసింది అవ్వ. మెడంతా సుద్ద తెలుపు గీతలు, కండ్లున్న ఈకలు మోదుగు రంగు. అట్లాంటి గుమ్మిలో జొన్నలు నా మోకాలు దాటి ఉండగా నేనెన్నడూ చూడలేదు.

ఒక ఏడు అన్నకు పిల్లను అడిగారు. అడిగారంటే, ముందు అన్నే చూసుకున్నాడు, పత్తి ఏరేకాడ. ఏటవతలి ఊరి పిల్ల. అప్పట్నుంచి అన్న తలకు నూనె రాసుకొని నున్నగా దువ్వుకోవడం మొదలుపెట్టాడు. "అన్నా, పత్తి ఏరనీకి పోతున్నవా, పిల్లనేరనీకి పోతున్నవా?" అంటే రాయి తీసుకొని నా వెంట పడేవాడు, కొట్టేవాడు కాదు. పిల్ల తరఫువాళ్లు సరేనన్నారు. ఇక ఇల్లు చూసుడు మిగిలింది.

మావాళ్లలో ఇల్లు చూసుడంటే గుమ్మి చూసుడే. పిల్లనిచ్చేవాళ్లలో పెద్దామె వచ్చి గుమ్మి మూత తీసి, జొన్నల్లో చెయ్యి ముంచుతుంది. మోచెయ్యి దాకా జొన్నలు తగిలితే పిల్ల ఆ ఇంట్లో పస్తులుండదని అర్థం. అప్పుడే ఆ ఇంట నీళ్లు తాగుతారు. తగలకపోతే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.

మా గుమ్మి అడుగున ఆ పొద్దు ఉన్నది మేం పరిగెలో ఏరిన జొన్నలే. ఒక పెద్ద గంపెడు. అవ్వ చాలాసేపు దాంట్లోకి చూసి, "అడుగుకు పొట్టు పోద్దాం. దాని మీద గొంగడి పరుద్దాం. గొంగడి మీద మన జొన్నలు పోద్దాం" అంది.

బాపు అదిరిపడ్డాడు. "గిదేం పనే? ఎర్కైతే ఇజ్జత్ ఉంటదా?"

"పిల్ల అచ్చినంక దాన్ని ఉపాసముంచుతమా? నేను తినంగ మిగిలింది దానికి పెట్ట. అది తిన్నంక మిగిలితే నేను తింట. గది నాకెర్కనే, నీకెర్కనే. వాళ్లకెట్ల జూపియ్యాలె చెప్పు? గుమ్మి ఒక్కటే గదా జూస్తరు."

అన్న గుమ్మి పక్కన నిలబడి నెమలి తోకను వేలితో రాస్తున్నాడు. వాడి మొహం చూసి బాపు లేచాడు.

జొన్నపొట్టు పటేలు కల్లంలో కుప్పలు పడి ఉంది. తీసుకుపొమ్మంటే పటేలు సరేనన్నాడు. కానీ ఇల్లు చూసుడుకు ముందు పొట్టు మోసుకుపోతుంటే ఊరంతా ఊహించదా? అందుకని పొద్దు వాలాక, గోనెల మూతులు బిగించి కట్టి, ముళ్లకంప వెనక నుంచి తిప్పి తెచ్చారు. పొట్టు గోనె ఎంత తేలికో మోసేవాడికి తెలుసు గానీ చూసేవాడికి తెలియదు. పైగా మా అన్న, ఎవరైనా చూస్తే జొన్నలే అనుకోవాలని, నడుం వంచి, రొప్పుతూ మోశాడు. గుడిసెలోకి వచ్చాక గోనె దించి ఒకటే నవ్వు. అవ్వ కూడా నవ్వింది.

గొంగడి మీద జొన్నలు పోసేటప్పుడు అవ్వ తన చెయ్యి లోపల నిలబెట్టి కొలిచింది. బాపు గంప వంపుతుంటే మోచెయ్యి మునిగేదాకా చూసి, "ఊఁ, సరిపాయె" అంది. అవ్వ పొట్టి మనిషి. చెయ్యీ పొట్టిదే. అది అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి కూడా మాకు తట్టలేదు. అప్పుడు ఎక్కడో పెద్ద లడాయి నడుస్తుండె. సర్కారుకు ధాన్యం కావాలి. భూమి ఉన్న ప్రతివాడూ పంటలో వాటా లెవీగా ఇయ్యాలి. గిర్దావర్ అనే సర్కారు ఉద్యోగి ఊరూరూ తిరిగి గుమ్మిల మూతలు తీయించి చూసేవాడు. ఉన్నవాళ్లు జొన్నలు పాతర్లలో, గడ్డివాముల్లో, జీతగాళ్ల గుడిసెల్లో దాచేసి, ఇంట్లో గుమ్మిలు బోసిగా వదిలేశారు. అట్లా ఆ ఏడు మా ఊళ్లో ఉన్నవాళ్లంతా ఖాళీ గుమ్మిలు చూపిస్తుంటే, లేనివాళ్లం మేం నిండు గుమ్మి చూపించబోయాం.

చెప్పిన రోజున ఏటవతలివాళ్లు వచ్చారు. పిల్ల నాయనమ్మ, పిల్ల మేనమామ, వెంట కొందరు మగవాళ్లు. వాకిలి తెల్లవారకముందే అలికి, గడపకు జాజు పూసి ఉంచింది అవ్వ. తడి జాజు వాసన, పొయ్యి మీద చెంచలికూర తాలింపు వాసన. నాయనమ్మ గుడిసెలోకి వంగి రావలసి వచ్చింది, అంత పొడుగు మనిషి. వచ్చీ రాగానే గుమ్మి ముందు నిలబడిపోయింది.

"ఇది మా ఏటిగడ్డకు అచ్చే నెమలే గదా. మెడ గిట్లనే తిప్పుతది. ఎవలేసిండ్రు?"

"నేనే పెద్దవ్వా."

"నీ చెయ్యి సల్లగుండ. బెదురు గూడ ఏసినవ్ గదనే."

అవ్వ మొహం వెలిగింది. ఎందరో మెచ్చుకున్నారు గానీ ఆ బెదురు సంగతి ఎవరూ పట్టుకోలేదు. తరవాత నాయనమ్మ మూత తీసి చెయ్యి పెట్టింది. నేను గుమ్మి పక్కనే ఉన్నాను. వేళ్లు, మణికట్టు పోయాయి. మోచేతికి ఇంకా బెత్తెడు దూరం ఉండగానే ఆమె చెయ్యి ఆగింది. ఆమె చెయ్యి అవ్వ చెయ్యి కంటే అంత పొడుగు. లోపల వేళ్లు ఒకసారి కదిలించింది. తల తిప్పి అవ్వను చూసింది. అవ్వ కండ్లు నేల మీద ఉన్నాయి.

నాయనమ్మ చెయ్యి బయటికి తీసింది. అరచేతికి జొన్నలు అంటుకొని ఉన్నాయి, వేళ్ల మధ్య నల్లటి గొంగడి పోగొకటి. ఆమె దాన్ని బొటనవేలితో ఉండ చుట్టి, మెల్లగా రొండిన దోపుకుంది. బయట కూర్చున్న మగవాళ్లకు వినిపించేటట్టు, "నిండుగున్నది. మా పిల్ల ఉపాసముండది" అంది.

బయట అన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది. అవ్వ పొయ్యి దగ్గరికి పోయింది. మొదటి రొట్టె పెనం మీదే చిరిగింది. దాన్ని నాకు పెట్టింది, వేడివేడిగా. నేను తింటూ ఆ పోగు సంగతి ఎవరికైనా చెప్పాలా అని ఆలోచించాను. చెప్పలేదు.

అందరూ ఇస్తార్ల ముందు కూర్చొని తింటుండగా గిర్దావర్ వచ్చాడు. వెనక చప్రాసి, ఆ వెనక ఊరు. పటేలు కూడా ఉన్నాడు, పెదవులు తడుపుకుంటూ. జీతగాడు పొద్దువాలాక గోనెలు మోశాడని ఎవరో కబురు చేశారు. గిర్దావర్ చెడ్డగా మాట్లాడలేదు. మంచం మీద కూర్చొని, నుదురు తుడుచుకొని, "ఈ గుమ్మిలొ ఏమున్నది?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

బాపు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎదురుగా పిల్ల మేనమామ నోట్లో ముద్ద ఆపి చూస్తున్నాడు.

"జొన్నలు సర్కార్."

"కిస్కా? పటేలువా?"

"నావే సర్కార్."

"జీతగానివి. ఇత్‌నా జొన్న నీకు యాడికెళ్లి అచ్చింది?"

బాపు పొట్టు అనొచ్చు. ఆ ఒక్క మాటతో అంతా అయిపోయేది, గిర్దావర్ పోయేవాడు. కానీ ఆ మాట అంటే వినేవాళ్లు ఆ పక్కనే కూర్చొని మా రొట్టె తింటున్నారు. బాపు అవ్వ దిక్కు చూశాడు. అవ్వ పెనం మీది రొట్టెను చూస్తూ ఉంది. అది మాడిపోతోంది, తియ్యడం లేదు. బాపు మళ్లీ "నావే" అన్నాడు.

"ఖోలో" అన్నాడు గిర్దావర్.

చప్రాసి కిందికి వంగి తూముకు మెత్తిన మట్టి కొట్టి, గుడ్డ లాగాడు. ఏమీ రాలేదు. జొన్నలైతే జలజలా రావాలి గదా. కట్టెపుల్ల పెట్టి కెలికాడు. అప్పుడు పొట్టు బుస్సుమని వాడి కాళ్ల మీద పడింది. ఇంకా కెలికాడు, ఇంకా వచ్చింది. పొట్టు కిందికి జారేకొద్దీ పైన గొంగడి కుంగింది. గొంగడి ఓ పక్కకు ఒరిగి దాని మీది జొన్నలు పొట్టులోకి జారి, రెండూ కలిసి గడప దాటి వాకిట్లోకి పారాయి. చప్రాసి తుమ్మి, తుమ్మి, నవ్వడం మొదలుపెట్టాడు.

"సాబ్, భూసా హై! ఖాలీ భూసా!"

ఊరు నవ్వింది. అందరికంటే గట్టిగా పటేలు నవ్వాడు, బతికిపోయినవాడి నవ్వు. గిర్దావర్ నవ్వలేదు. బూట్లు దులుపుకున్నాడు, ఇస్తార్ల ముందు కూర్చున్నవాళ్లను చూశాడు, కొత్త జాజు గడపను చూశాడు. అతనికి ఏదో అర్థమైనట్టుంది. చప్రాసిని "చుప్" అని కసిరి, గొడుగు తీసుకొని గబగబా వెళ్లిపోయాడు. ఊరు మాత్రం పోలేదు.

అంతలో కోళ్లు వచ్చాయి. పొట్టులో జొన్నలు చూస్తే కోళ్లు ఊరుకుంటాయా? అవ్వ లేచి వచ్చి, పొట్టు ముందు మోకాళ్ల మీద కూర్చొని, జొన్నలు ఏరడం మొదలుపెట్టింది. చుట్టూ జనం. అవి మేం ఎండలో వంగి, బీటల్లో చేతులు పెట్టి తెచ్చినవి. వదిలేస్తే ఆ నెల అంబలి కూడా ఉండదు. చేలో ఎవరికీ సిగ్గుపడని మా అవ్వ, తన వాకిట్లో తల వంచుకొని పరిగె ఏరుకుంటోంది. ఎవరూ చూడొద్దని అరవాలనిపించింది నాకు. కోళ్లను అదిలించాను, అంతే.

అప్పుడు ఆ పొడుగామె చెయ్యి కడుక్కొని వచ్చింది. "పిల్లా, చేట ఏదే?" అంది నాతో. తెచ్చి ఇచ్చాను. అవ్వ పక్కన గొంతుక్కూర్చొని చేటలోకి ఎత్తి చెరగడం మొదలుపెట్టింది. పొట్టు గాలికి లేచి ఇద్దరి తలల మీదా పడుతోంది.

"వద్దు పెద్దవ్వా. మీరు లేవుండ్రి. నేను సచ్చిపోత" అంది అవ్వ, తల ఎత్తకుండానే.

"ఊకో బిడ్డా. జొన్నలు కోళ్లపాలైతయ్."

మేనమామ చెప్పులు తొడుక్కొని నిలబడ్డాడు. "చలా, ఉఠా ఆతా. పొట్టు జూపిచ్చి పిల్లనడుగుతరా? ఇంకేం కూసుంటవ్ ఈ ఇంట్ల?"

"నేను చెయ్యి పెట్టినప్పుడు నిండుగనే ఉండెరా."

"నీ కండ్ల ముంగటనే కారె గదా!"

ఆమె తనకు ముందే తెలుసని, తెలిసే ఒప్పుకున్నానని చెప్పొచ్చు. చెప్తే తనవాళ్ల ముందు తన మాట పోతుంది. చెప్పకపోతే మా పెళ్లి పోతుంది. ఆమె చెరగడం పూర్తి చేసి, జొన్నలు అవ్వ ఒడిలో పోసి, రెండు చేతులూ దులుపుకొని లేచింది. వంగి మళ్లీ ఒకసారి గుమ్మి మీది నెమలిని చూసింది. వెళ్లిపోయారు.

సంబంధం పోయింది. అన్న ఆ సాయంత్రం ఎప్పుడో వచ్చి, ఏమీ తినకుండా పడుకున్నాడు. తలకు నూనె రాసుకోవడం మానేశాడు. మరుసటి ఏడు పత్తి ఏరడానికి ఏటవతలికి పోలేదు. ఊళ్లో మాకు 'పొట్టు గుమ్మోళ్లు' అని పేరు పడింది. పరిగె పిల్లను నేను పొట్టు పిల్లనయ్యాను. గుమ్మి చెయ్యడానికి పిలిచినవాళ్లు, "గుమ్మి జేసినవ్ సరే, పొట్టు గూడ నువ్వే పోస్తవా?" అని నవ్వేవాళ్లు. అవ్వ కూడా నవ్వి పని చేసి వచ్చేది, బొమ్మలు మాత్రం ఇక వెయ్యలేదు. అడిగితే, "చేతనైతలేదమ్మా" అనేది.

ఇల్లు చూసుడైన మూడోనాడో నాలుగోనాడో జాజు కలిపి, గుడ్డ ముంచి, మా నెమలి మీద పూసింది. తోక, ఒళ్లు, చివరికి ఆ తిరిగిన మెడ. నేను ఈతపుల్ల పట్టుకొని పక్కనే నిలబడ్డాను. దాన్ని నమిలి ఇవ్వమంటుందేమోనని చూశాను. అనలేదు. కానీ వానాకాలం రాగానే గుడిసె తేమకు జాజు కిందనుంచి తెల్లటి మెడ మెల్లగా బయటపడింది. అవ్వ మళ్లీ పూసింది. మరుసటి వానలకు మళ్లీ బయటపడింది, మళ్లీ పూసింది. అన్నకు వేరే సంబంధం కుదిరి వదినె వచ్చాక కూడా అంతే. వదినె తిన్నాకే అవ్వ తినేది, చివరిదాకా. అవ్వ పోయిన ఏడు వానలకు మెడతో పాటు తోక కూడా కనిపించిందట. "ఇండ్ల నెమలి ఉండెనా? నాకెవ్వలు చెప్పలేదేంది?" అని, అన్నాళ్లూ ఆ తెల్లటి గీతలను తేమ మరకలనుకున్న వదినె నన్ను అడిగింది. ఆ ఏడు దాని మీద ఎవరూ జాజు పూయలేదు.

తరవాత ఎన్నో ఏండ్లకు, మా బిడ్డకు సంబంధం వచ్చినప్పుడు, ఇల్లు చూసుడుకు పెద్దామెగా నేనే పోయాను. అప్పటికీ వాళ్లింట్లో గుమ్మి ఉండేది. మూత తీశారు. నా చెయ్యి పెట్టాను. మణికట్టు మునగగానే ఆపేసి, వెంటనే తీసేసి, "నిండుగున్నది" అన్నాను. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి మొహం చూడకూడదని గబగబా బయటికొచ్చేశాను. ఆ పొడుగామె చేసిన మేలు నేనూ ఒకరికి చేశానని లోలోపల పొంగిపోయాను. ఆ పొంగు ఇన్నేండ్లు ఉంది, అబద్ధమెందుకు?

మొన్న డబ్బాలో నా చెయ్యి మోచెయ్యి దాకా ఉండగానే మా బిడ్డ నవ్వడం ఆపి అంది. "అవ్వా, ఒకటి అడుగుత, కోపం జెయ్యకు. గింత లోతు జూసేదానివి, మా ఇల్లు జూడ అచ్చిన్నాడు మణికట్టు దాంకనే పెట్టి ఎందుకు తీసినవ్? మా అత్త సచ్చేదాంక అనేది. ఆ ఏడు పంట మస్తుగచ్చింది, నీకు జూపియ్యాలని గుమ్మి అంచుదాంక నింపి పెట్టుకున్నదట. 'మీ అవ్వ మమ్ముల లేనోళ్లనుకున్నది, సక్కగ జూడనన్న జూడలేదు' అని ఎన్నిసార్లు ఏడ్సిందో."

వాళ్ల గుమ్మి నిజంగా నిండుగా ఉండొచ్చని నాకు ఆ రోజు తోచనే లేదు. మూత తీసిన ప్రతి గుమ్మి అడుగునా నాకు మా పొట్టే కనిపించింది. ఒక ఆడమనిషి సంతోషంగా, గర్వంగా నిలబడితే, నేను ఆమెను మా అవ్వే అనుకొని తల వంచుకొని బయటికొచ్చాను. ఆమె ఇప్పుడు లేదు, పోయి క్షమించమని అడగడానికి.

"ఏందే అవ్వా, పలుకవ్?" అంది బిడ్డ.

"నా చెయ్యి పొట్టిదే బిడ్డా, మా అవ్వ చెయ్యి లెక్క" అన్నాను. అదేం జవాబో దానికి అర్థం కాలేదు. కూర్చోబెట్టి చెప్పాలి, ఈ ముసలితనంలో అయినా. డబ్బాలో జొన్నలు చల్లగా ఉన్నాయి. నేను ఇంకొంచెం వంగి, భుజం దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు వెతికాను. అడుగు తగలలేదు. అన్నీ జొన్నలే.